సుబ్బాయమ్మ గారి దగ్గు

కొత్తగా ఆయుర్వేద డిస్పెన్సరీల్లో చేరుతున్న పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. ఏలూరు పవర్‌పేటలో మా ఇల్లు స్టేషనుకి దగ్గర కావడం ఒక కారణం. కాఫీ బాగుంటుందన్నది ఇంకో కారణం. కూర్చోగానే, "దగ్గుకి మీరేం ఇచ్చేవారు మేడం?" అని అడుగుతారు. చెబుతాను. ఫోనులో ఎక్కించుకుని వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక, చెప్పవలసింది చెప్పలేదే అని నా మనసు రోజంతా పీకుతూ ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. నా బదిలీలూ ప్రమోషన్లూ ఇందులో ఉండవు. అవి చదివితే మీకే దగ్గొస్తుంది.

మందు సంగతి ముందు

అడ్డసరం ఆకు, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, అతిమధురం. నా ఉద్యోగం దాదాపు అంతా వీటితోనే గడిచింది. కఫం పట్టేసిన దగ్గుకి అడ్డసరం కషాయం, పొడి దగ్గుకి అతిమధురం, గొంతు గరగరకి బుగ్గన కరక్కాయ ముక్క. ముక్కు బిగుసుకుపోతే వాము నలిపి గుడ్డలో మూట కట్టి వాసన చూడమనేదాన్ని. ఇవన్నీ మీకు కాలేజీలో చెప్పారు. మీ అమ్మమ్మలు అంతకు ముందే చెప్పారు. ఇవి కఫాన్ని కరిగిస్తాయి, ఊపిరి తేలిక చేస్తాయి. దగ్గు ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పవు.

రెండు మాటలు గట్టిగా చెబుతాను. గర్భిణికి అడ్డసరం ఇవ్వకండి. కఫంలో రక్తపు చార కనిపించినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, మనిషి చిక్కిపోతున్నా, కషాయం కాస్తూ కూర్చోకుండా కఫం పరీక్షకి పెద్దాసుపత్రికి పంపండి. అలా పంపడం మన వైద్యానికి చిన్నతనం అనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళ పట్టుదలకి రోగులు బలైపోయారు. దీన్ని ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు రాదు.

ఇంకొకటి. దగ్గు కూడా గొంతులాంటిదే, ఎవరిది వాళ్ళకే ఉంటుంది. కొన్నాళ్ళు వింటే మీకూ పట్టుబడుతుంది. తాడేపల్లిగూడెం బస్సులో వెనక సీట్లో నా రోగి ఎవరు దగ్గినా తల తిప్పకుండా పేరు చెప్పేదాన్ని. ఇది వైద్యం కాదు, వ్యాధి అనేవారు మావారు. ఈ విద్య గురించి ఇక్కడ ఎందుకు చెప్పానో చివరికి తెలుస్తుంది.

పెద్ద డాక్టరు గారి ముక్కు

నా మొదటి పోస్టింగు తాడేపల్లిగూడెంలో. అక్కడి పెద్ద డాక్టరు గారు నాడి చూసేవారు, నాలుక చూసేవారు, ఆ తర్వాత ఏమాత్రం మొహమాటం లేకుండా రోగి భుజం మీది తువ్వాలు తీసుకుని వాసన చూసేవారు. ఆడవాళ్ళైతే నా చేత చూపించేవారు. కొత్తగా చదువుకుని వచ్చిన నాకు తల కొట్టేసినట్టుండేది. నాకు బోధపడే దాకా నామీద విసుక్కుంటూనే ఉండేవారు. ఆయన విసుగంటే మామూలు విసుగు కాదు, ఒక్కోసారి రోగులే నామీద జాలిపడేవారు.

ఒకసారి ఉల్లిపాయల మార్కెట్ వెనక నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడకి శుక్రవారమే దగ్గు వచ్చేది. మిగతా రోజుల్లో ఉండేది కాదు. అమ్మవారికి మొక్కు తీర్చలేదని, అందుకే ఆ రోజు వచ్చి గొంతు పట్టుకుంటోందని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. ఆవిడ మెడ మీద వేళ్ళ గుర్తుల్లాంటి ఎర్రటి మరకలు కూడా ఉన్నాయి. పెద్ద డాక్టరు గారు జుట్టు వాసన చూడమన్నారు. శుక్రవారం తలంటు పోసుకుని ఆవిడ జుట్టుకి పట్టించుకునే సాంబ్రాణి పొగలో అసలు సాంబ్రాణి లేదు, ఏదో చవక పొడి ఉంది. ఆ పొగ మెడకి సోకి దద్దుర్లు, లోపలికి వెళ్ళి దగ్గు. పొడి మాన్పించారు, అమ్మవారు ఊరుకుంది.

"దగ్గే మనిషిని కాదమ్మా, దగ్గించే చోటుని చూడు," అనేవారు ఆయన. అప్పట్లో నాకు ఇది పెద్దాయన చాదస్తంలా అనిపించేది. ఇప్పుడు నేను చెబుతుంటే మీకూ అలాగే ఉంటుంది, ఫరవాలేదు.

లంక ఊరు

తర్వాత చాలా ఏళ్ళు కొల్లేరు లంకల్లో ఒక ఊరి డిస్పెన్సరీలో పనిచేశాను. ఊరి పేరు రాయను. అక్కడ నేల కన్నా నీళ్ళు ఎక్కువ. ఎటు చూసినా చేపల చెరువులు, మధ్యలో గట్లు, గట్ల మీద మా జీపు. చేపలకి మేతగా తవుడు సంచుల్లో నింపి, సంచులకి చిల్లులు పొడిచి, చెరువులో పాతిన కర్రలకి వేలాడదీస్తారు. చలికాలం పొద్దున్నే మంచులో వెళుతుంటే ఆ సంచులు పీకలోతు నీళ్ళలో నిలబడి మనవైపే చూస్తున్న మనుషుల్లా ఉండేవి. సంచులని తెలిసి కూడా నేను అటు చూసేదాన్ని కాదు.

సుబ్బాయమ్మ గారు అక్కడే నాకు పరిచయం. పొడుగాటి మనిషి, నెమ్మదైన మాట. ఆవిడ దగ్గు మాత్రం ఊరందరికీ తెలుసు. రెండు పొట్టి దగ్గులు, ఊపిరి లాగేటప్పుడు సన్నటి ఈల, చివర అలసటతో "హమ్మా". అడ్డసరం కషాయం ఇస్తే నాలుగు రోజులు తేలికపడేది, మళ్ళీ మొదలయ్యేది. ఏలూరులో చెల్లెలి ఇంటికి వెళితే దగ్గన్నదే ఉండేది కాదు. ఏలూరులోనే ఒక ఇంగ్లీషు డాక్టరుకి చూపిస్తే ఉబ్బసం అని పీల్చే మందు ఇచ్చారు. లంక గాలి పడటం లేదని ఆవిడే ఒక కారణం చెప్పుకున్నారు, మేమందరం ఒప్పుకున్నాం. శ్రావణమాసంలో, వానల్లో ఆవిడ పోయారు.

ఆ ఇంట్లో కొడుకు రాంబాబు, కోడలు నాగమణి. పిల్లలు ఏలూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ధనిష్ఠ పంచకంలో పోయారని, ఆవిడ పోయిన గది ఆరు నెలలు మూసెయ్యాలని పెద్దలు చెప్పారు. ఈ పట్టింపు ఆ ఊళ్ళో చాలా గట్టిది. తలుపుకి తాళం వేసి అడ్డంగా ముళ్ళకంప కడతారు. లోపలి వస్తువు ఒక్కటి కూడా బయటికి తీయరు. గడువు లోపల తలుపు తీస్తే ఆ ఇంట్లోంచి ఇంకొకరు పోతారని భయం. సాయంత్రం గుమ్మం ముందు దీపం పెట్టేది కోడలే.

మంచు రోజు

పుష్యమాసం. మంచు ఇంకా విడవలేదు. డిస్పెన్సరీ వసారాలో మఫ్లర్లు చుట్టుకున్న జనం కూర్చుని ఉన్నారు. నేను లోపల మందు గదిలో ఉన్నాను. వసారాలో ఎవరో దగ్గారు. రెండు పొట్టి దగ్గులు, సన్నటి ఈల.

కల్వంలో మందు నూరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. ఆ దగ్గు మనిషిని కాల్చి నెలలు గడిచాయని కూడా తెలుసు. నిజం చెబుతున్నాను, తలుపు దాకా వెళ్ళడానికి నాకు భయమేసింది. వెళ్ళి చూస్తే బల్ల మీద నాగమణి. మనిషి సగమైపోయింది, కళ్ళ కింద నల్లటి చారలు. ఆమె మళ్ళీ దగ్గింది. చివర "హమ్మా" లేదు. అది ఒక్కటే తేడా. పక్కనున్న వాళ్ళు ఆమెకి కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు.

రాంబాబు లేచి చేతులు కట్టుకున్నాడు. మంచివాడు, తల్లి అన్నా భార్య అన్నా ప్రాణం పెట్టేవాడు. వాడి కళ్ళల్లో కూడా నిద్ర లేదు.

"అమ్మకి ఇచ్చే కషాయమే ఇవ్వండి డాక్టరమ్మ గారూ," అన్నాడు. "అది తాగితే అమ్మ తృప్తిపడి దీన్ని వదిలి వెళ్ళిపోద్దని పెద్దలు చెప్పారండి."

"మరి నాగమణికి?" అన్నాను.

నాగమణి తలెత్తి నావైపు చూసింది. "నాకేం లేదండి. దగ్గేది ఆవిడే కదండీ," అంది. చెప్పిన మాట పూర్తి కాకుండానే మళ్ళీ దగ్గు ముంచుకొచ్చింది.

నన్ను భయపెట్టింది ఆ దగ్గు కన్నా ఆ మాట. తన ఛాతీలో పుట్టిన దగ్గుని తనది కాదని వదిలేసింది. తనది కాని దానికి మందు ఎందుకని అడగడం కూడా మానేసింది. ఇలాంటి మనిషి ఎవరికీ చెప్పకుండానే పోతుంది.

కూర్చోబెట్టి సంగతులన్నీ రాబట్టాను. దగ్గు వానలు ముదిరాక మొదలైంది. మధ్యలో తాడేపల్లిగూడెం పుట్టింటికి పంపారు. అక్కడ కొన్నాళ్ళకే పూర్తిగా పోయింది. అత్తగారు ఇంటి గడప దాటి రాలేరు కనకే పోయిందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. చెరువులో చేపలు పట్టే రోజులు వచ్చి చేతి సాయం కావలసి తిరిగొచ్చింది. వచ్చిన సాయంత్రమే, ఆ గుమ్మం ముందు దీపం పెడుతూ ఉండగా దగ్గు అందుకుంది.

నాకు పెద్ద డాక్టరు గారు గుర్తొచ్చారు. నాగమణి పమిట కొంగు తీసుకుని వాసన చూశాను. పుల్లగా, గొంతుకి అడ్డంపడే ముక్కిన వాసన. ముక్కిపోయిన తవుడు. ఆ ఊళ్ళో అందరి బట్టలూ తవుడు వాసనే వేస్తాయి, కానీ ఇది అది కాదు. ఈ పాడైన వాసన ఇంతకుముందు సుబ్బాయమ్మ గారి శాలువాలో కూడా ఉండేది.

"తవుడు ఎక్కడ నిలవ పెడతారు?" అని అడిగాను.

"అమ్మ గదిలోనండి," అన్నాడు రాంబాబు.

తలుపు

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. పాత పెంకుటిల్లు. ఆ కాలపు ఇళ్ళలో గదుల మధ్య గోడలు పైకప్పు దాకా ఉండవు, మీద ఖాళీ ఉంటుంది. ఒక గది గాలి ఇంకో గదిలోకి వస్తుంది. మూసిన తలుపుకి అడ్డంగా ఎండిన ముళ్ళకంప, గుమ్మం ముందు ఆరిపోయిన దీపం. దాని పక్కనే గోడవారగా నాగమణి మంచం. రాంబాబు పడక చెరువు గట్టు మీద కాపలా పాకలో. ఇంట్లో ఆ గాలి పీల్చేది నాగమణి ఒక్కతే. దీనికి దయ్యం అక్కర్లేదు.

మిట్టమధ్యాహ్నమైనా ఆ ఇంట్లో చప్పుడు లేదు. పెరట్లో కాకి కూడా అరవలేదు. తలుపు మీద చెయ్యి వేశాను. చలికాలంలో చెక్క చల్లగా ఉండాలి. అది గోరువెచ్చగా ఉంది.

రాంబాబుకి విడమరిచి చెప్పాను. లోపల తవుడు తడిసి బూజు పట్టింది, కుళ్ళుతూ వేడెక్కుతోంది, ఆ బూజు పొడి గోడ మీదుగా వచ్చి నాగమణి ఊపిరితిత్తుల్లో చేరుతోంది, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఆమె మనకి దక్కదు. వాడు అంతా విన్నాడు. తెలివితక్కువవాడు కాదు, చెరువు నీళ్ళ రంగు చూసి చేప జబ్బు చెప్పగలడు.

"గడువు ఇంకా నెల పైన ఉందండి," అన్నాడు. "మీరు చర్చికెళ్ళేవారు, ఇవన్నీ పట్టించుకోరు. రేపు తలుపు తీసినందుకు నాగమణే పోతే నేను ఎవర్ని అడగనండి? హాస్టల్లో పిల్లలున్నారు. వాళ్ళకేమన్నా అయితే?"

వాడు తలుపు తీయనిది భార్య పోతుందనే, నేను తీయమంటున్నదీ భార్య పోతుందనే. మళ్ళీ పుట్టింటికి పంపమన్నాను. ఈసారి నాగమణే ఒప్పుకోలేదు. ఆవిడని ఇంట్లో ఒంటరిగా వదిలేసి వెళ్ళానని పోయినసారే కోపం వచ్చిందండి, అంది. ఆవిడ అంటే అత్తగారు. వీళ్ళని చెడామడా తిట్టి జీపెక్కి వెళ్ళిపోవాలనిపించింది.

వెళ్ళలేదు. నాగమణి కాచుకున్న కషాయం గ్లాసులో పోసి, మంచం మీద కూర్చున్న ఆమెకి ఇచ్చాను. వాళ్ళు కోసి తెచ్చిన ఆకు అడ్డసరమేనా కాదా అన్న అనుమానం ఒకటి ఉండిపోయి, ఆ తలుపు పక్కనున్న కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి, రెమ్మ వెలుతురులోకి పట్టి చూస్తున్నాను. ఆకు సరైనదే. రాంబాబు భార్య ఎదురుగా పీట మీద కూర్చుని, ఆమె తాగుతుంటే చూస్తున్నాడు.

అప్పుడు దగ్గు వినిపించింది. రెండు పొట్టి దగ్గులు, ఈల, చివర "హమ్మా".

మూసిన తలుపు వైపు నుంచి వచ్చింది. నేను వెనక్కి తిరిగేటప్పటికి నాగమణి గ్లాసు పెదాల దగ్గరే ఉంది. రాంబాబు లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది దగ్గలేదండి," అన్నాడు భార్యని చూపిస్తూ. "ఇది మింగుతోందండి. నేను చూస్తానే ఉన్నాను." తర్వాత తలుపు వైపు తిరిగి, చాలా చిన్న గొంతుతో, "అమ్మ దీన్ని పట్టుకోలేదు. లోపలే ఉండిపోయింది. ఊపిరాడక పిలుస్తోంది," అన్నాడు.

ఒట్టి చేతుల్తో ముళ్ళకంప లాగేశాడు. అరచేతుల నిండా రక్తం. తాళం తుప్పు పట్టి రాకపోతే రాయితో కొట్టాడు. నోటికి తడిగుడ్డ కట్టుకోమని నేను అరిచేలోపే తలుపు తెరుచుకుంది.

లోపల ఎవరూ లేరు. గదికి ఒక పక్క సుబ్బాయమ్మ గారి నులక మంచం, ఇంకో పక్క పైదాకా పేర్చిన తవుడు బస్తాలు. పెంకుల్లోంచి వాన కారి బస్తాలన్నీ పిగిలిపోయాయి. వాటి మీద బూడిదరంగు, ఆకుపచ్చ బూజు బొచ్చులా లేచి ఉంది. చెయ్యి పెడితే జ్వరం ఒళ్ళులా కాలుతున్నాయి. తలుపు గాలికి ఆ పొడి ఒక్కసారిగా లేచి మా ముగ్గురి మీదా పడింది. ముందు రాంబాబు దగ్గాడు. తర్వాత నాగమణి, తర్వాత నేను. ముగ్గురివీ రెండు పొట్టి దగ్గులు, సన్నటి ఈల. నా గొంతులోంచి ఇంకొకరి దగ్గు రావడం నేను చెవులారా విన్నాను.

బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాం. రాంబాబు అరచేతుల్లో దిగిన ముళ్ళు ఒక్కొక్కటే పీకి పడేశాడు.

"గట్టు మీద ఎలకలు కొట్టేస్తున్నాయని బస్తాలు అమ్మ గదిలో పెట్టింది నేనేనండి," అన్నాడు. "ఇన్నేళ్ళూ అమ్మ దగ్గుతూ ఈ మాటే చెప్పింది కామోసు."

తర్వాత

బస్తాలు మోయించి ఊరికి దూరంగా పూడ్పించారు. గది కడిగి సున్నం వేశారు. నాగమణిని ఏలూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మన కషాయానికి లొంగే దశ దాటిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గనిపించలేదు, మీకూ అనిపించకూడదు. నెమ్మదిగా కోలుకుంది. గడువు తీరేదాకా రాంబాబు చెరువుకి వెళ్ళలేదు, గుమ్మంలో కూర్చుని భార్యనే చూస్తూ గడిపాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ దగ్గు గురించి మాత్రం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. గొర్రె దగ్గినా, మేక దగ్గినా అచ్చం మనిషి దగ్గినట్టే ఉంటుంది. ఆ ఇంట్లో గొర్రె లేదు, మేక లేదు. చివరికి నాకు నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. నేను అటు తిరిగి ఉన్నాను, మొగుడు ఎంత చెప్పినా వినడు, ప్రాణం తన్నుకుంటోంది, నాగమణే గ్లాసు చాటున అత్తగారిలా దగ్గి ఉంటుంది. రాంబాబు భయంలో పొరపాటుగా చూసి ఉంటాడు. బతకాలని ఉందన్నమాట ఈ పిల్లకి, అని లోలోపల మెచ్చుకున్నాను కూడా.

మొన్న నాగమణి మా ఇంటికొచ్చింది. ఒళ్ళు చేసింది, నవ్వుతోంది. నాలుగు కొర్రమీన్లు తెచ్చింది. కాఫీ ఇచ్చాను. పిల్లల చదువులు, చెరువులు, అన్నీ అయ్యాక గొంతు తగ్గించింది.

"ఎప్పట్నుంచో అడగాలనండి. ఆ రోజు దగ్గింది మీరే కదా? మా ఆయనతో ఇప్పటికీ అనలేదండి. మీరలా దగ్గబట్టే ఆయన తలుపు తీశారు, నేను బతికాను. ఆ గుట్టు నాతోనే పోద్దండి."

నేను గ్లాసు కింద పెట్టాను. "నువ్వు కాదూ?" అన్నాను.

నాగమణి మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "నేను మింగుతున్నానండి," అంది.

పిల్లలూ, దగ్గు విని తల తిప్పకుండా పేరు చెప్పేదాన్నని మొదట్లో గొప్పగా రాశాను. నాగమణి దగ్గులో "హమ్మా" ఎప్పుడూ లేదు. కిటికీ దగ్గర నిలబడి ఆకు చూస్తున్నప్పుడు కూడా, తల తిప్పకముందే, నాకు పేరు తెలుసు.